బ్రేకు లేని బండి మీద ఆరు కిరీటాలు

ఐవన్ మేజర్ 1939 అక్టోబరు 4న న్యూజీలాండ్ దక్షిణ దీవిలోని క్రైస్ట్‌చర్చ్ నగరంలో పుట్టాడు. ఇంటిపేరును ఇంగ్లిషులో రాసిన అక్షరాలను బట్టి చదివితే 'మాగర్' అనిపిస్తుంది, పలికేది మాత్రం 'మేజర్' అనే. స్పీడ్‌వే అనే మోటారు సైకిల్ పందెంలో వ్యక్తిగత ప్రపంచ కిరీటాన్ని అతను ఆరుసార్లు గెలిచాడు: 1968, 1969, 1970, 1972, 1977, 1979. మొదటి గెలుపుకీ చివరి గెలుపుకీ నడుమ పదకొండేళ్ళు గడిచాయి. చివరిది గెలిచిన నెల తర్వాత అతనికి నలభై ఏళ్ళు నిండాయి. ఇరవై ఏళ్ళు నిండకముందే ఇంగ్లండ్ వెళ్ళి, అక్కడ జట్టులో చోటు నిలుపుకోలేక ఇంటిదారి పట్టిన కుర్రాడు కూడా ఇతనే. మేజర్ జీవితంలో అసలు ఆసక్తికరమైన భాగం ఈ రెండు కొసల మధ్య ఉంది.

స్పీడ్‌వే మన దేశంలో వేళ్ళూనిన ఆట కాదు. మోటారు సైకిల్ సాహసం అనగానే తెలుగువాళ్ళకు గుర్తొచ్చేది జాతరల్లో, హైదరాబాద్ నుమాయిష్‌లో చెక్క గోడల బావిలో గిరగిరా తిరిగే బండి. అది టికెట్టు కొని చూసే వింత. స్పీడ్‌వే అలా కాదు, దానికి నియమాలున్నాయి, జట్లున్నాయి, పాయింట్ల లెక్క ఉంది. కోడిగుడ్డు ఆకారంలో ఉండే మట్టి ట్రాకు చుట్టూ నలుగురు రైడర్లు నాలుగు చుట్లు తిరుగుతారు. ట్రాకు చుట్టుకొలత 260 నుంచి 425 మీటర్ల దాకా ఉంటుంది. ఒక్కో పందెం నిమిషం, నిమిషం పావులో అయిపోతుంది. మొదటివాడికి 3 పాయింట్లు, రెండోవాడికి 2, మూడోవాడికి 1, నాలుగోవాడికి సున్నా. భద్రాద్రి రాముడి గుడి చుట్టూ తిరిగే భక్తుడు దేవుణ్ణి కుడిచేతి వైపు ఉంచుకుని తిరుగుతాడు. స్పీడ్‌వే దానికి సరిగ్గా ఎదురు. మైదానం నడిమి భాగం ఎప్పుడూ ఎడమచేతి వైపే ఉంటుంది, అంటే పందెమంతా అప్రదక్షిణం. ఈ ఆటలో కుడి మలుపు అన్నదే లేదు.

బండి చూడటానికి సైకిలుకు ఇంజను తగిలించినట్టు బక్కగా ఉంటుంది. బరువు 80 కిలోలకు కాస్త అటూ ఇటూ. 500 సీసీ ఇంజను, ఒకే సిలిండరు, ఒకే గేరు, బ్రేకులు అసలే లేవు. బ్రేకులు లేకపోవడం ప్రమాదం కోసం కాదు, ప్రమాదం తగ్గించడానికే. జానెడు దూరంలో ఒకరి వెనక ఒకరు వెళ్తున్నప్పుడు ముందున్నవాడు హఠాత్తుగా బ్రేకు పడితే వెనకవాళ్ళంతా వచ్చి అతని మీద పడతారు. ఇంజనులో పోసేది పెట్రోలు కాదు, మెథనాల్. కల్తీ సారా చావుల వార్తల్లో వినిపించే విషం అదే. మనిషిని చంపే ఆ ద్రవం ఇంజనును మాత్రం చల్లగా ఉంచుతుంది. అందుకే సిలిండరులో ఒత్తిడి బాగా పెంచి ఎక్కువ బలం లాగవచ్చు. ఇక కందెన సంగతి చెబితే తెలంగాణ రైతుకు ఆశ్చర్యం కలుగుతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ చేలల్లో పండే ఆముదమే ఈ బండ్లకు చాలాకాలం పాటు కందెన. ఎంత వేడెక్కినా లోహాన్ని వదలకుండా అంటిపెట్టుకునే గుణం ఆముదానికి ఉంది. 1909లో మార్కెట్లోకి వచ్చిన 'కాస్ట్రాల్' నూనెకు ఆ పేరు వచ్చింది ఆముదం ఇంగ్లిషు పేరులోంచే. పాతకాలం స్పీడ్‌వే ఇంజన్లలో నూనె తిరిగి తొట్టిలోకి చేరదు, కొంత కాలిపోతుంది, కొంత కారిపోతుంది. అందుకే ఇంగ్లండులో స్పీడ్‌వే చూసిన తరాలవాళ్ళకు ఆ ఆట గుర్తొచ్చేది ముందుగా ముక్కుకే, కాలిన ఆముదం వాసనతో.

గంటకు 100 కిలోమీటర్లు దాటే వేగంలో బ్రేకు లేకుండా మలుపు తిరగడం ఎలా? చర్ల, దుమ్ముగూడెం వైపు లోపలి అడవి బాటల్లో మొరం మీద బండి నడిపినవాళ్ళకు సగం జవాబు తెలుసు. మలుపులో ముందు బ్రేకు పట్టినవాడు పడతాడు. వెనక చక్రం జారినా కంగారుపడకుండా హ్యాండిల్ సర్దుకున్నవాడు గట్టెక్కుతాడు. అడవి బాటలో అనుకోకుండా జరిగే ఆ జారుడును స్పీడ్‌వేలో కావాలని రప్పిస్తారు. మలుపు రాబోతుండగా రైడరు బండిని ఎడమకు వాల్చి, థ్రాటిల్ ఇచ్చి, వెనక చక్రానికి నేల పట్టు తప్పిస్తాడు. బండి వెనక భాగం బయటికి జారుతుంది. ముందు చక్రం మలుపుకు వ్యతిరేకంగా కుడికి తిరిగి ఉంటుంది. ఎడమ కాలు నేల మీద రాసుకుంటూ పోతుంది, ఆ బూటు అరగకుండా అడుగున ఇనుప తొడుగు వేస్తారు. ఇక్కడ బండిని తిప్పేది హ్యాండిల్ కన్నా ఎక్కువగా థ్రాటిలే. అవసరానికి మించి ఇస్తే బండి గిర్రున తిరిగి కింద పడేస్తుంది. భయపడి ఒక్కసారిగా తగ్గిస్తే చక్రానికి నేల దొరికి, బండి నిటారుగా లేచి తిన్నగా కంచె మీదికి పోతుంది. ఈ రెండింటి నడుమ ఉన్న సన్నటి దారిని మణికట్టుతో పట్టుకోవడమే ఈ విద్య.

ట్రాకు మీద పరిచే సరుకు కూడా జారుడుకు తగ్గదే. ఇప్పుడు రాతి పొడి, పలక రాయి నుగ్గు వాడుతున్నారు. మొదటి దశాబ్దాల్లో ఇంగ్లండులో పరిచింది కాలిన బొగ్గు గరుకు బూడిద. ఆవిరి ఇంజన్లు, బొగ్గు పొయ్యిల ఫ్యాక్టరీలు నడిచిన రోజుల్లో అది గుట్టలు గుట్టలుగా, దాదాపు ఉచితంగా దొరికేది. ఇల్లందులో 1889 నుంచి బొగ్గు తవ్విన నేల మీది జనానికి ఆ సరుకు ఎలా ఉంటుందో వర్ణించనక్కర్లేదు. దాని మీద పడితే మోచేయి, మోకాలు ఎలా చెక్కుకుపోతాయో కూడా.

ఆట పుట్టుక ఒక వ్యవసాయ ప్రదర్శనలో జరిగింది. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం, వెస్ట్ మెయిట్‌లాండ్ అనే ఊరు. అక్కడి వ్యవసాయ సంఘానికి కార్యదర్శిగా ఉన్న జానీ హాస్కిన్స్ జనాన్ని రప్పించడానికి 1923 డిసెంబరు 15 రాత్రి విద్యుద్దీపాల వెలుగులో మోటారు సైకిల్ పందేలు పెట్టించాడు. హాస్కిన్స్ పుట్టింది న్యూజీలాండ్‌లోనే. మోటారు సైకిళ్ళను మట్టి ట్రాకుల మీద అంతకు ముందూ పరిగెత్తించారు, కానీ అదొక క్రమమైన ఆటగా, వ్యాపారంగా నిలబడింది అతని చేతుల మీదుగానే అని ఎక్కువమంది ఒప్పుకుంటారు. 1928 ఫిబ్రవరి 19న లండన్ శివార్లలోని ఎపింగ్ అడవిలో, హై బీచ్ అనే చోట, ఒక సారాయంగడి వెనక ఉన్న ట్రాకులో పందేలు జరిగాయి. కొన్ని వేలమంది వస్తారనుకుంటే సుమారు 30,000 మంది అడవిని తొక్కుకుంటూ వచ్చేశారని అంచనా. ఆ ఏడే ఇంగ్లండు ఊరూరా ట్రాకులు వెలిశాయి. మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్ 1936లో లండన్ వెంబ్లీ స్టేడియంలో జరిగింది. గెలిచినవాడు ఆస్ట్రేలియా రైడరు లయనెల్ వాన్ ప్రాగ్.

యుద్ధం తర్వాత పదేళ్ళకి కిరీటం న్యూజీలాండ్ దారి పట్టింది. రానీ మూర్ 1954లో, 1959లో గెలిచాడు. బ్యారీ బ్రిగ్స్ 1957, 1958, 1964, 1966 సంవత్సరాల్లో గెలిచాడు. మూర్ పుట్టింది టాస్మేనియాలో అయినా పెరిగింది క్రైస్ట్‌చర్చ్‌లో, బ్రిగ్స్‌ది ఆ నగరమే. మేజర్ ఆరు కిరీటాలు కూడా కలిపితే 1954 నుంచి 1979 దాకా జరిగిన 26 ఫైనళ్ళలో 12 ఒక్క నగరం నుంచి వచ్చిన ముగ్గురికి దక్కాయి. ఒక తరం వెళ్ళి పేరు తెచ్చుకుంది, ఆ పేరు విని పెరిగిన పిల్లలు అదే దారిన వెళ్ళారు. అందరూ వెళ్ళినచోటు కూడా ఒకటే, లండన్‌లోని వింబుల్డన్ జట్టు.

మేజర్ 1957లో, పదిహేడేళ్ళ వయసులో, భార్య రేతో కలిసి ఇంగ్లండు చేరాడు. వింబుల్డన్ జట్టులో అప్పటికే మూర్, బ్రిగ్స్ తారాస్థాయిలో ఉన్నారు. కొత్త కుర్రాడికి పందేలు అంతంత మాత్రంగానే దొరికాయి, దొరికిన వాటిలో పాయింట్లు రాలలేదు. స్టేడియంలో ట్రాకు పనులు చేస్తూ పొట్టపోసుకోవాల్సి వచ్చింది. రెండు సీజన్లు గడిచేసరికి అక్కడ తనకు చోటు లేదని తేలిపోయి తిరిగి వెళ్ళిపోయాడు. మూర్ చిన్నతనంలోనే బండి మీద పాదరసంలా కదిలేవాడని చూసినవాళ్ళు చెబుతారు. మేజర్‌కు ఆ వరం లేదు. ఈ తేడాను అతను అందరికన్నా ముందే గుర్తించాడనుకోవాలి, ఎందుకంటే తర్వాతి అయిదేళ్ళు చేసిన పనంతా దానికి విరుగుడే. ఆస్ట్రేలియా ట్రాకుల మీద సీజన్ తర్వాత సీజన్ తిరిగాడు. బండి విప్పడం, కూర్చడం, ఒక్కో ట్రాకు మట్టికి తగినట్టు పళ్ళ చక్రాలు మార్చడం, పందెం మొదలయ్యే గేటు దగ్గర క్లచ్చి వదిలే క్షణం పట్టుకోవడం, ఇవన్నీ కొలిమి దగ్గర కూర్చుని పని నేర్చుకునే పిల్లవాడిలా నేర్చుకున్నాడు.

1963లో రెండోసారి ఇంగ్లండు వెళ్ళినప్పుడు వింబుల్డన్ కేసి చూడలేదు. ఉత్తరాన బొగ్గు గనుల నడుమ ఉన్న న్యూకాసిల్ జట్టులో చేరాడు. ఆ జట్టు ఆడేది పెద్ద లీగులో కాదు, ప్రొవిన్షియల్ లీగ్ అనే రెండో వరసలో. కింది మెట్టు మీదే నిలబడి గెలవడం అలవాటు చేసుకోవాలన్న ఎంపిక అది, ఫలితం వెంటనే కనిపించింది. ఆ లీగులోని రైడర్లందరికీ పెట్టే ఛాంపియన్‌షిప్‌ను 1963లో, 1964లో వరసగా గెలిచాడు. 1964లో న్యూకాసిల్ జట్టు లీగునే గెలిచింది. ఆ ఏడు ప్రొవిన్షియల్ లీగుకూ ఆటను పాలించే బోర్డుకూ గొడవ వచ్చి, లీగంతా వెలివేతకు గురైంది. 1965లో రెండు పక్షాలూ రాజీపడి కలిసి బ్రిటిష్ లీగ్‌గా ఏర్పడ్డాయి. అప్పటికి మేజర్ పెద్ద రైడర్లతో తలపడటానికి సిద్ధంగా ఉన్నాడు.

ఆనాటి ప్రపంచ ఫైనల్ ఎలా జరిగేదో తెలిస్తే గానీ అతని పద్ధతి విలువ తెలియదు. దేశాల వారీ అర్హత పందేలు దాటి చివరికి 16 మంది మిగిలేవారు. ఫైనల్ ఒక్క రాత్రి, హీట్లు అనే 20 పందేలు. ఒక్కొక్కరికి అయిదు పందేలు. ఒక్కో పందెంలో ముగ్గురు ప్రత్యర్థులు కనుక, అయిదింటిలో మిగతా పదిహేనుగురితోనూ ఒక్కోసారి తలపడేలా పట్టిక వేసేవారు. అన్నీ గెలిస్తే 15 పాయింట్లు. అంటే ఏడాది పొడుగునా చేసిన పనికి తీర్పు మొత్తం కలిపి ఆరు నిమిషాల పందెంలో వచ్చేస్తుంది. గొలుసు తెగినా, ప్లగ్గు పట్టేసినా, ఒక్కసారి క్లచ్చి ఆలస్యమైనా కిరీటం పోయినట్టే. సరిదిద్దుకోవడానికి మర్నాడు లేదు. అదృష్టం ఇంత రాజ్యమేలే ఆటలో ఎక్కువమంది దేవుడి మీద భారం వేసేవారు. మేజర్ అదృష్టం చొరబడే సందులను ఒక్కొక్కటే మూస్తూ వచ్చాడు.

అతని పేరు చెప్పగానే స్పీడ్‌వే లోకం తలుచుకునే మొదటి సంగతి గేటు. రైడర్ల ముందు అడ్డంగా కట్టిన టేపులు గాల్లోకి లేచిన క్షణంలో ఎవరు ముందు కదిలితే వాళ్ళు మొదటి మలుపు అందుకుంటారు. వెనకబడ్డ ముగ్గురి ముఖాల మీద వెనక చక్రం చిమ్మే మట్టి పడుతుంది. ఆ మట్టిలో కళ్ళద్దాలు మూసుకుపోతాయి, దారి కనపడదు. అందుకే గేటులో సంపాదించిన అర మీటరు నాలుగు చుట్ల తర్వాత పది మీటర్లవుతుంది. రెండో సంగతి తయారీ. బండిని మెరిసేలా తుడిచి తేవడం, ట్రాకు మీదికి ముందే వెళ్ళి మట్టిని కాలితో తట్టి చూడటం, ప్రత్యర్థి ఎదుట ఎక్కడా తొట్రుపాటు కనపడనివ్వకపోవడం. ఇవన్నీ అవతలివాడి ధైర్యాన్ని తగ్గించడానికి కూడా పనికొచ్చేవి. అతని గెలుపులు లెక్క ప్రకారం వచ్చినట్టుంటాయని, వాటిలో మజా తక్కువని విమర్శించినవాళ్ళూ ఉన్నారు. ప్రేక్షకుడి వైపు నుంచి ఆ మాటలో కొంత నిజముంది. గేటులోనే ముందుకు పోయి చివరిదాకా ముందే ఉండేవాడి పందెంలో చూడటానికి ఏం మిగులుతుంది?

1966లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో తొలిసారి ఫైనల్ చేరి నాలుగో స్థానంలో నిలిచాడు. 1967లో వెంబ్లీలో మూడో స్థానం, ఆ ఏడు స్వీడన్ రైడరు ఊవె ఫుండిన్ తన అయిదో కిరీటం గెలిచాడు. 1968లో మళ్ళీ గోథెన్‌బర్గ్. ఈసారి మేజర్ అయిదు పందేలూ గెలిచి 15కి 15 సాధించాడు. రెండో స్థానంలో 12 పాయింట్లతో నిలిచినవాడు బ్యారీ బ్రిగ్స్, పదేళ్ళ కిందట వింబుల్డన్‌లో ఎవరి నీడలో కనపడకుండా పోయాడో ఆ బ్రిగ్స్. 1969లో వెంబ్లీలో 14 పాయింట్లతో గెలిచాడు. ఆ సీజన్లోనే న్యూకాసిల్ వదిలి మాంచెస్టర్‌లోని బెల్ వూ జట్టులోకి మారాడు. 1970, 1971, 1972 మూడేళ్ళూ బ్రిటిష్ లీగ్ ఆ జట్టుకే దక్కింది.

1970 ఫైనల్ పోలండ్‌లోని వ్రోత్స్వావ్‌లో జరిగింది. అప్పటిదాకా ఇంగ్లండు, స్వీడన్ దాటని ప్రపంచ ఫైనల్‌ను కమ్యూనిస్టు దేశంలో పెట్టడం అదే మొదటిసారి. స్పీడ్‌వే అంటే ప్రాణం పెట్టే దేశం అది, స్టేడియం నిండా సొంత రైడర్ల కోసం గొంతు చించుకునే జనం. మేజర్ మళ్ళీ 15కి 15 తెచ్చుకున్నాడు. పోలండ్ రైడర్లు పావెల్ వాలోషెక్ 14 పాయింట్లతో రెండో స్థానం, ఆంటోని వొరీనా 13తో మూడో స్థానం. వరసగా మూడేళ్ళు ప్రపంచ కిరీటం గెలిచినవాడు అంతకు ముందు ఎవరూ లేరు.

ఆ గెలుపుకి ఒక విచిత్రమైన బహుమానం దొరికింది. వరసగా మూడోసారి గెలిస్తే బండికి బంగారు పూత పూయిస్తామని జార్జ్ వెన్, రే బోకెల్మన్ అనే ఇద్దరు అమెరికన్ అభిమానులు మాటిచ్చి ఉన్నారు. మాట నిలబెట్టుకున్నారు. ఆ బంగారు బండి తర్వాత క్రైస్ట్‌చర్చ్‌లోని కాంటర్‌బరీ మ్యూజియంలో ప్రదర్శనకు చేరింది. బంగారం కింద ఉన్నది జావా బండి. చెకోస్లొవేకియాలోని దివీషోవ్‌లో 'ఎసో' పేరుతో మొదలైన చిన్న కార్ఖానా 1964లో జావాలో కలిసింది. 1960లలో దాని ఇంజన్లు అప్పటిదాకా రాజ్యమేలిన ఇంగ్లిషు 'జాప్' ఇంజన్లను ట్రాకుల మీంచి నెట్టేశాయి. అదే జావా లైసెన్సుతో 1961 నుంచి మైసూరులో ఐడియల్ జావా కంపెనీ రోడ్డు బండ్లు తయారు చేసింది. 1970లలో వాటికే యెజ్డీ అని పేరు మారింది. డుగుడుగు చప్పుడుతో, పక్కకు వాలే కిక్కు కడ్డీయే గేరు కడ్డీగా పనిచేసే ఆ బండ్లను ఖమ్మం, కొత్తగూడెం పెద్దవాళ్ళు మరిచి ఉండరు. రోడ్డు జావాకూ ట్రాకు జావాకూ ఇంజనులో పోలిక లేదు, ట్యాంకు మీద పేరు మాత్రం ఒకటే.

నాలుగోసారి వరసగా గెలవనివ్వకుండా అడ్డుపడినవాడు పరాయివాడు కాదు. డెన్మార్క్ కుర్రాడు ఓలే ఓల్సెన్ 1967లో న్యూకాసిల్ జట్టుకి వచ్చి మేజర్ పక్కనే పని నేర్చుకున్నాడు. 1971లో గోథెన్‌బర్గ్‌లో ఓల్సెన్ 15కి 15 సాధిస్తే మేజర్ 12తో రెండో స్థానంలో ఆగాడు. శిష్యుడికి నేర్పినదంతా తనకు ఎదురొచ్చింది. 1972లో వెంబ్లీలో కిరీటం తిరిగి తీసుకున్నాడు గానీ తేలిగ్గా కాదు. స్వీడన్ రైడరు బెర్న్ట్ పెర్షన్‌తో 13 పాయింట్ల దగ్గర సమానమై, ఇద్దరికీ విడిగా పెట్టిన నిర్ణాయక పందెంలో గెలిచాడు. బ్రిగ్స్ చేతి వేలు పోగొట్టుకున్నది ఆ రాత్రి జరిగిన ప్రమాదంలోనే.

మరుసటి ఏడు అదే మెట్టు మీద కాలు జారింది. 1973 ఫైనల్ పోలండ్‌లోని హోజూవ్‌లో, లక్షమందికి పైగా జనం మధ్య జరిగింది. మేజర్, పోలండ్ రైడరు యెజి ష్చాకియెల్ 13 పాయింట్లతో సమానంగా నిలిచారు. ష్చాకియెల్ 1971 ఫైనల్లో ఒక్క పాయింటు కూడా తెచ్చుకోలేకపోయినవాడు. నిర్ణాయక పందెంలో అతను గేటులో ముందుకు పోయాడు. తన ఆయుధం అవతలివాడి చేతికి చిక్కగా మేజర్ లోపలి వైపు నుంచి దాటబోయి, బండి తగిలి కింద పడ్డాడు. పోలండ్‌కు అది మొదటి వ్యక్తిగత ప్రపంచ కిరీటం. ఆ దేశానికి రెండోది రావడానికి 2010 దాకా పట్టింది. వెనకబడి దాటవలసి వచ్చిన ఆ పందెంలో మేజర్ ఓడిన తీరు, అతని బలం ఎక్కడుందో, ఎక్కడ లేదో రెండూ చూపించింది. 1974లో ఆండెర్స్ మిహానెక్ అనే రైడరు చేతిలో మళ్ళీ రెండో స్థానం.

ఈ నడుమ జట్లు మారాయి. 1973లో నైరుతి ఇంగ్లండులోని ఎక్సెటర్ జట్టులో చేరాడు, 1974లో ఆ జట్టు బ్రిటిష్ లీగ్ గెలిచింది. 1978లో హల్ జట్టుకు మారాడు. పొడవాటి ట్రాకుల మీద, ఇంకా ఎక్కువ వేగంతో సాగే లాంగ్ ట్రాక్ పందెంలోనూ 1971, 1972, 1976లో ప్రపంచ విజేత అయ్యాడు. జంట పందేల్లో 1970లో రానీ మూర్‌తో కలిసి న్యూజీలాండ్ తరఫున గెలిచాడు. జట్టు ప్రపంచ కప్ 1968, 1971, 1972లో గెలిచింది మాత్రం గ్రేట్ బ్రిటన్ రంగుల్లో, అప్పట్లో న్యూజీలాండ్, ఆస్ట్రేలియా రైడర్లు ఆ జట్టులోనే ఆడేవారు. యూరప్‌లో చలికాలం రాగానే బ్రిగ్స్‌తో కలిసి పేరున్న రైడర్లను కూడగట్టుకుని ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, అమెరికా తిప్పి పందేలు పెట్టించేవాడు. సర్కస్ కంపెనీ యజమానికి ఉండవలసిన లెక్కల తెలివి అతనికి పుష్కలంగా ఉంది. 1976లో ఎంబీఈ బిరుదు, 1989లో ఓబీఈ బిరుదు వచ్చాయి.

బిరుదులు వచ్చే వయసులో సాధారణంగా ఆట అయిపోతుంది. 1976 నాటికి ఇంగ్లండులో పీటర్ కాలిన్స్ లాంటి కొత్త తరం వచ్చేసింది, ఆ ఏడు కిరీటం అతనిదే. 1977 ఫైనల్ గోథెన్‌బర్గ్‌లో వాన కురిసి ట్రాకు బురదైన రాత్రి జరిగింది. కాలిన్స్ విరిగిన కాలితోనే బరిలోకి దిగి 13 పాయింట్లు సాధించాడు. జనం గుండెల్లో గెలిచింది అతనే కావచ్చు, పట్టికలో మాత్రం మేజర్ 14తో పైన ఉన్నాడు. ఓల్సెన్ 12తో మూడో స్థానం. ఆ గెలుపుతో మేజర్ అయిదు కిరీటాల ఫుండిన్ సరసన చేరాడు.

ఆరోది హోజూవ్‌లో, ఆరేళ్ళ కిందట పడిపోయిన స్టేడియంలోనే వచ్చింది. 1979 సెప్టెంబరు 2. ఎదుట ఉన్నవాళ్ళలో చాలామంది అతను మొదటిసారి గెలిచినప్పుడు బడికి వెళ్తున్న పిల్లలు. మేజర్ 14 పాయింట్లు సాధించాడు, పోలండ్ రైడరు జెనన్ ప్లెఖ్ 13, ఇంగ్లండు యువకుడు మైకెల్ లీ 11. రెండు వారాలు తిరగకుండానే, సెప్టెంబరు 16న, లండన్ వైట్ సిటీ స్టేడియంలో న్యూజీలాండ్ జట్టు ప్రపంచ కప్ గెలిచింది. సొంత దేశం పేరుతో ఆ కప్పు పట్టుకున్న జట్టులో మేజర్‌తో పాటు లారీ రాస్, మిచ్ షిర్రా, బ్రూస్ క్రిబ్ ఉన్నారు.

హల్ జట్టుతో 1981 దాకా కొనసాగి, ఆ తర్వాత మెల్లగా పెద్ద పందేలకు దూరమయ్యాడు. శిక్షణ ఇచ్చాడు, ఆస్ట్రేలియాలోని గోల్డ్ కోస్ట్‌లో స్థిరపడ్డాడు. అక్కడే 2018 ఏప్రిల్ 16న, 78 ఏళ్ళ వయసులో చనిపోయాడు.

ఆరు కిరీటాల లెక్కను స్వీడన్ రైడరు టోనీ రికార్డ్‌సన్ 2005లో అందుకున్నాడు. పోలండ్ రైడరు బార్తోష్ జ్మార్జ్లిక్ 2019లో మొదలుపెట్టి 2025కల్లా ఆరుకు చేరాడు, చివరి నాలుగూ వరసగా. అయితే 1995 నుంచి పద్ధతి మారింది. గ్రాండ్ ప్రీ పేరుతో ఏడాదిలో పలు చోట్ల పందేలు పెట్టి, పాయింట్లన్నీ కూడి విజేతను తేలుస్తున్నారు. ఒక వారం గొలుసు తెగితే మరో వారం సరిదిద్దుకోవచ్చు. 1936 నుంచి 1994 దాకా సాగిన ఒకే ఫైనల్ పద్ధతిలో వరసగా రెండుసార్లు గెలిచినవాళ్ళు ఉన్నారు. మూడుసార్లు వరసగా గెలిచింది మేజర్ ఒక్కడే. ఆ ఫైనలే ఇప్పుడు లేదు గనుక ఆ లెక్క ఇక మారదు.